డబ్బు పెట్టి కొన్న గేమ్ నన్ను ఆడనీయడం లేదు, క్రాక్ (దొంగ కాపీ) వేసుకున్నోడు హాయిగా ఆడుతున్నాడు. తప్పు నాదా, గేమ్‌దా?

బురుజునీడ, కర్నూలు:

అన్నలూ, పోస్టు కొంచెం పొడుగే. కడుపుమంటతో రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

దీపావళి సేల్‌లో ఒక గేమ్ కొన్నాను. పేరు చెప్తే దాని అభిమానులు వచ్చి నా మీద పడతారు, అసలు విషయం పక్కకు పోతుంది, అందుకే చెప్పను. ఒక్కరమే కూర్చొని ఆడుకునే కథ గేమ్ అది, ఆన్‌లైన్‌లో ఇంకొకరితో ఆడేది ఏమీ లేదు. సగం ధరకే వచ్చింది గానీ నాకు అదీ చిన్న మొత్తం కాదు, ట్యూషన్ చెప్పిన డబ్బుల్లోంచి రెండు నెలలు కొంచెం కొంచెం తీసి పెట్టుకున్నాను. డౌన్‌లోడ్‌కే మూడు రాత్రులు పట్టింది, పగలంతా నెట్ నాన్న పనికి కావాలి.

వారం రోజులు బ్రహ్మాండంగా ఆడాను. ఒక సాయంత్రం మా బావ బెంగళూరు నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ బిగించాను. అదే రోజు మా వీధిలో కాలువ పని చేసేవాళ్ళు తవ్వుతూ ఫైబర్ కేబుల్ తెంపేశారు. నాలుగు రోజులు నెట్ రాదన్నారు. పోనీలే, గేమ్ డిస్కులోనే ఉంది కదా అని తెరిస్తే ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావాలంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టా. అప్పుడు గేమ్ కంటే ముందు దాన్ని తెరిచే లాంచర్ ప్రోగ్రాం తనే అప్‌డేట్ అవుతానని కూర్చుంది, ఆ రోజు డేటా మొత్తం దానికే అయిపోయింది. మర్నాడు మళ్ళీ హాట్‌స్పాట్, ఈసారి విండోస్‌లోనే ఏదో తేడా ఉందేమో అనుకొని లినక్స్‌కు పోయి, అక్కడ విండోస్ గేమ్‌లను నడిపించే ప్రోటాన్ అనే ప్రోగ్రాం వెర్షన్లు మార్చి మార్చి ప్రయత్నించా. ఆరోసారో ఏడోసారో మెసేజ్ వచ్చింది: ఈ రోజుకు చాలా ఎక్కువ కంప్యూటర్లలో యాక్టివేట్ చేశారు, 24 గంటలు ఆగండి అని. చాలా కంప్యూటర్లు ఏంది సామీ, నాకున్నదే ఒక్కటి, దానికీ సైడు ప్యానెల్ లేదు.

ఇంతలో మా ఊళ్ళోనే సీ క్యాంపులో ఉండే నా స్నేహితుడు అదే గేమ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న క్రాక్ వేసుకొని, నెట్ ఆపేసుకొని, ఉగ్గాని తింటూ ఆడుతున్నాడు. వీడియో కాల్ చేసి మరీ చూపించాడు. మా నాన్నకు గేమ్‌ల సంగతి తెలీదు, అంతా విని ఒకటే అడిగాడు: "బీగం దొంగకు వేస్తారా, కొన్నోనికి వేస్తారా?" నా దగ్గర జవాబు లేదు.

ఇది నా ఒక్కడి తలరాతా, కొన్నవాళ్ళందరికీ ఇంతేనా? ఇంత గట్టి కాపీ ప్రొటెక్షన్ (దొంగ కాపీలు నడవకుండా వేసే బీగం) పెట్టి కంపెనీలకు ఒరిగేదేంది? క్రాక్ లింకులు మాత్రం పంపొద్దు, కావాలంటే వాడినే అడుగుతాను కదా.

రిపేరన్న, కడప:

తమ్ముడూ, నీ కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. రేపటిదాకా ఆ గేమ్‌ను ముట్టుకోకు, ప్రాసెసర్ కూడా ఇక మార్చకు, అదే తెరుచుకుంటుంది. ప్రాసెసర్ మార్చడంతోనే మొదలైంది నీ కష్టం.

నీ గేమ్‌లో ఏ బీగం ఉందో చూడకుండా చెప్పలేను గానీ లక్షణాలన్నీ డెనువోవే. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉండే కంపెనీది, 2014లో ఫిఫా 15 గేమ్‌తో బయటికొచ్చింది. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు నీ ప్రాసెసర్, విండోస్ లాంటివన్నీ కలిపి వేలిముద్ర లాంటిది ఒకటి తీసి సర్వర్‌కు పంపుతుంది, అక్కడి నుంచి ఆ మెషీన్‌కు మాత్రమే పనికొచ్చే చీటీ ఒకటి వస్తుంది. ఆ చీటీ ఉన్నంతకాలం నెట్ లేకున్నా నడుస్తుంది. ప్రాసెసర్ మార్చావా, వేలిముద్ర మారింది, చీటీ చెల్లదు, మళ్ళీ నెట్ కావాలి. లినక్స్‌లో ప్రోటాన్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ దాని లెక్కలో అది ఒక కొత్త కంప్యూటర్. 24 గంటల్లో ఐదు దాటితే తలుపు మూసేస్తుంది. నువ్వు నీకు తెలియకుండానే ఒక్క రోజులో ఐదారు కంప్యూటర్ల యజమానివి అయ్యావు, పార్టీ ఇవ్వాల.

కొన్నోళ్ళందరికీ ఇంతేనా అన్నావు కదా. అందరికీ కాదు, చాలామందికి అసలు తెలియకుండానే నడిచిపోతుంది. కానీ తేడా వచ్చినప్పుడు మాత్రం కొన్నోని నెత్తినే పడుతుంది, ఎందుకంటే క్రాక్ కాపీలో ఆ బీగమే పని చేయదు కదా. 2021 చివర్లో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చాయి. వాటిలో పెద్ద కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కొన్ని, చిన్న కోర్లు కొన్ని ఉంటాయి, కొన్ని గేమ్‌ల బీగాలు వీటిని రెండు వేర్వేరు మెషీన్లు అనుకొని మొరాయించాయి. ఈ గేమ్‌లు నడవవు అని ఇంటెలే పెద్ద జాబితా పెట్టుకోవాల్సి వచ్చింది. అందరికంటే ఖరీదైన ప్రాసెసర్ కొన్నోడే ఇరుక్కున్నాడు చూడు. అదే నవంబర్‌లో డెనువో వాడే ఒక వెబ్ డొమైన్ (ఇంటర్నెట్ చిరునామా) గడువు అయిపోయి కొన్ని గేమ్‌లు కొన్ని గంటలపాటు తెరుచుకోలేదు. వాళ్ళు డొమైన్ రెన్యువల్ చేయించుకోవడం మర్చిపోతే నువ్వు ఇంట్లో గేమ్ ఆడలేవు, అదీ పరిస్థితి.

అదే ఏడాది రెసిడెంట్ ఈవిల్ విలేజ్ అనే గేమ్ వచ్చినప్పుడు ఇంకో వింత. శత్రువుల్ని కాల్చినప్పుడల్లా గేమ్ ఒక్క క్షణం తడబడేది, జనం తమ గ్రాఫిక్ కార్డుల్ని తిట్టుకున్నారు. తీరా క్రాక్ బయటికొచ్చాక చూస్తే అందులో ఆ తడబాటు లేదు. డెనువో పైన, ఆ గేమ్ చేసిన కాప్‌కామ్ కంపెనీ తన సొంత బీగం ఇంకోటి వేసిందట, తర్వాత కాప్‌కామే ప్యాచ్ ఇచ్చి సరిచేసింది. అయితే ఈ ఒక్కదాన్ని పట్టుకొని డెనువో ఉన్న ప్రతి గేమూ నిదానం అంటే నేను ఒప్పుకోను, నా దగ్గరికొచ్చే మెషీన్లలో సగం నిదానం దుమ్ము వల్ల.

పాత సీడీల సంగతి ఇంకా ఘోరం. డిస్కు డ్రైవులో ఉంటేనే నడిచే గేమ్‌లు గుర్తుండే ఉంటాయి. వాటిలో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే బీగం ఉండేది, అది విండోస్ లోపల డ్రైవర్ పెట్టుకొని నడిచేది. భద్రతకు ముప్పు అని మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని ఆపేసింది. విండోస్ 10లో అయితే అసలే లేదు. ఎవరి అటక మీదైనా ఒరిజినల్ డిస్కులు ఉంటే అవి ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టుకోను పనికొస్తాయి.

నీ స్నేహితుడికి మాత్రం ఒక మాట చెప్పు. క్రాక్‌తో పాటు మన కంప్యూటర్‌తో వేరొకరి కోసం క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాములు వస్తుంటాయి. గేమ్ మూసినా ఫ్యాన్ హోరుమంటోంది అని నా షాపుకు తెచ్చేవి చాలావరకు అవే.

ఏడురోడ్లకాడ, కడప:

పెళ్లికి పిలిచినోళ్ళను గేటుకాడ నిలబెట్టి శుభలేఖ చూపించు, ఆధార్ చూపించు అంటుంటే, పిలవనోడు వంటశాల వైపు నుంచి వచ్చి మొదటి పంక్తిలో కూర్చొని రెండో భక్ష్యం తింటున్నట్టుంది నీ కథ.

కోడ్‌కూలీ, అనంతపురం:

నేను గేమ్‌లు చేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నా, వారాంతాల్లో అనంతపురం వచ్చిపోతుంటా. అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్పాలి, తిట్టుకున్నా పరవాలేదు.

2013లో గేమ్ డెవ్ టైకూన్ అని ఒక చిన్న గేమ్ వచ్చింది. గేమ్‌ల కంపెనీ పెట్టి నడపడమే ఆట. చేసినవాళ్ళు ఒక తమాషా చేశారు. తామే ఒక క్రాక్ కాపీ తయారుచేసి టొరెంట్‌లో (జనం ఫైళ్ళు పంచుకునే చోట) పెట్టారు, అందులో కొంతదూరం ఆడాక నీ గేమ్‌లను జనం పైరసీ చేస్తున్నారు అని చెప్పి కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు ఆడినవాళ్ళలో 93 శాతం పైన ఆ దొంగ కాపీ వాళ్ళే. వాళ్ళలో కొందరు ఫోరంలకు వచ్చి, పైరసీ వల్ల దివాలా తీస్తున్నాం, ఏం చేయాలి అని అడిగారు! నాకు నవ్వొచ్చింది గానీ చేసినవాళ్ళ చోట ఉండి ఆలోచిస్తే ఏడుపొస్తుంది. దానికి ఏ బీగమూ లేదు మరి, కొన్నవాళ్ళను ఎవరూ ఇబ్బంది పెట్టలేదు, అయినా జనం కొనలేదు. పైరసీ చేసిన ప్రతివాడూ లేకుంటే కొనేవాడే అని నేను అనను. ఎంతమంది కొనేవాళ్ళన్నది అసలు ప్రశ్న.

దానికి కొంత జవాబు 2024లో వచ్చిన ఒక పరిశోధనలో ఉంది. డెనువో ఉన్న గేమ్‌లనే తీసుకొని లెక్కలు వేశారు. విడుదలైన వెంటనే క్రాక్ అయితే మొత్తం ఆదాయంలో సగటున 20 శాతం దాకా పోతోంది. 12 వారాలు క్రాక్ కాకుండా నిలబడితే ఆ తర్వాత క్రాక్ అయినా పోయేది దాదాపు ఏమీ లేదు. గేమ్ అమ్మకాలన్నీ మొదటి వారాల్లోనే జరిగిపోతాయి, కొత్త సినిమాకు మొదటి మూడు రోజులు ఎట్లనో ఇదీ అట్లనే. నాలాంటోని జీతం ఆ 20 శాతంలో ఉంటుంది, అందుకే బీగం అనగానే మండిపడలేను.

కానీ ఆ పరిశోధనే చదివితే ఇంకోటి కూడా తేలుతుంది కదా, 12 వారాల తర్వాత ఆ బీగానికి పనేమీ లేదని. 2016లో డూమ్ అనే గేమ్ వచ్చింది మే నెలలో, డిసెంబర్‌కల్లా డెనువో తీసేశారు. అట్ల తీసేస్తే ఎవరికీ గొడవ లేదు. ఈ తమ్ముడు కొన్నది సేల్‌లో, అంటే గేమ్ పాతబడిపోయింది, దొంగ కాపీ సీ క్యాంపు దాకా వచ్చేసింది, బీగం మాత్రం ఇంకా ఉంది. దీన్ని నేను సమర్థించలేను. మా ఆఫీసులో అయితే దీనికి కారణం ఒకటే ఉంటుంది, తీసేసి మళ్ళీ టెస్టింగ్ చేసే పని ఎవరి నెత్తిన వేయాలో తేలకపోవడం. దుర్మార్గం కాదు, బద్ధకం.

తుంగభద్రగట్టు, కర్నూలు:

కోడ్‌కూలీ తమ్ముడు చెప్పింది బాగుంది. కానీ బద్ధకం అన్నావే, ఆ బద్ధకం మా ఇంట్లో ఎట్ల ఉండిందో చెప్తా.

2008లో స్పోర్ అనే గేమ్ మీద పెద్ద గొడవైంది, మూడు యాక్టివేషన్లే ఇచ్చారని అమెజాన్‌లో జనం ఒక్క స్టార్ రివ్యూలు గుట్టలుగా పోశారు, తర్వాత ఐదు చేశారు. అప్పట్లో అట్లాంటివి ఇంకా ఉండేవి. నేను కొన్నది వేరే గేమ్, దానికీ మూడే. హైదరాబాద్ పోయినప్పుడు కొన్న ఒరిజినల్ డిస్కు, నా ఉద్యోగంలో మొదటి ఏడాది, పెట్టె మీద ప్లాస్టిక్ కవర్ కూడా చింపకుండా జాగ్రత్తగా పక్కనుంచి కోసి తీశాను. ఒకసారి వేశా, విండోస్ పాడై ఫార్మాట్ కొట్టి రెండోసారి వేశా, మదర్‌బోర్డు మార్చాక మూడోసారి వేశా.

2009 అక్టోబర్ 2. కర్నూలోళ్ళకు ఆ తేదీ చెప్తే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చేశాయి. మేం కట్టుబట్టలతో పక్కింటి మిద్దె ఎక్కి కూర్చున్నాం, పొద్దున్నే చూస్తే మా ఇంట్లో గడియారం ఉన్నంత ఎత్తున నీళ్ళు. నీళ్ళు పోయాక మోకాలి లోతు బురద. మా చెల్లెలి సర్టిఫికెట్లు ఒక్కొక్కటి విడదీసి ఆరబెట్టుకున్నాం, బియ్యం మూట ఉబ్బి పగిలింది. ఆ రోజుల్లో గేమ్ గురించి ఆలోచించినోడిని నేనే కొట్టేవాణ్ణి.

మరుసటేడు కొత్త కంప్యూటర్ కొన్నాక అటక మీద ఆ డిస్కు కనబడింది. అదొక్కటే మిగిలింది. సంబరంగా వేస్తే యాక్టివేషన్లు అయిపోయాయి అంది. కంపెనీకి మెయిల్ రాశా. పాత కంప్యూటర్‌లోంచి ముందు గేమ్ తీసేయండి, అప్పుడు ఒక యాక్టివేషన్ తిరిగొస్తుంది అన్నారు. పాత కంప్యూటర్ వరదలో పోయింది సార్ అని రాశా. అయితే మాన్యువల్ మీద ఉన్న కోడ్ ఫోటో తీసి పంపండి అన్నారు. మాన్యువల్ కింద అలమరాలో ఉండింది, గుజ్జు గుజ్జుగా అయి గోడకు అతుక్కుంది. ఆ గోడ ఫోటో తీసి పంపా, నిజంగా పంపా. ఆ తర్వాత జవాబు రాలేదు.

ఒప్పుకుంటున్నా, ఆ రాత్రే క్రాక్ వేసుకున్నా. నా జీవితంలో వేసుకున్న ఒకే ఒక్క క్రాక్, అది కూడా డబ్బులిచ్చి కొన్న డిస్కుకు. మూడుసార్లు చాలు అని ఎవరో ఆఫీసులో కూర్చొని అనుకొని ఉంటారు. వాళ్ళ లెక్కలో హంద్రీ లేదు.

కోడ్‌కూలీ, అనంతపురం:

అన్నా, గోడ ఫోటో మాటకు నా దగ్గర జవాబు లేదు.

నల్లకోటు_కాబోయేవాడు, కడప:

లా చివరి ఏడాది, అందుకే ఆ పేరు. తుంగభద్రగట్టు అన్నా, మీరు భయపడాల్సిందేమీ కనిపించలేదు నాకు. బీగం పగలగొట్టడాన్ని నేరం చేసింది కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్, అది వచ్చిందే 2012 సవరణతో, మీరు వేసుకున్నది 2010లో. అసలు ఆ సెక్షన్‌లో కూడా హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే శిక్ష, రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. కొన్న ప్రోగ్రాముకు పోతే పనికొస్తుందని బ్యాకప్ కాపీ చేసుకోవడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. దీన్ని చదివి ఎవరూ టొరెంట్ తెరవొద్దు, పంచిపెట్టేవాడికి ఈ మినహాయింపు రాదు. నా మాట సలహా కాదు, పరీక్షకు చదువుకున్నది చెప్తున్నా అంతే.

నన్ను వేరే సంగతి ఎక్కువ కలవరపెడుతుంది. ఈ బీగాలన్నీ ఎక్కడో ఒక సర్వర్‌ను నమ్ముకొని ఉన్నాయి. 2010లో అసాసిన్స్ క్రీడ్ 2 అనే గేమ్ పీసీలో వచ్చినప్పుడు నెట్ లేకుంటే ఒక్క క్షణం నడిచేది కాదు, మొదటి వారాంతమే దాన్ని చేసిన యూబీసాఫ్ట్ సర్వర్ల మీద దాడి జరిగి కొన్నవాళ్ళు ఆడలేకపోయారు. 2013లో సిమ్‌సిటీదీ అదే గోల, ఊరు కట్టుకుందామని కొన్నవాళ్ళు లాగిన్ క్యూలో నిలబడ్డారు, ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలు ఏడాది తర్వాత ఇచ్చారు. అంటే ముందే ఇవ్వగలిగేవాళ్ళే కదా! ఇక ద క్రూ అనే కార్ల గేమ్ అయితే 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఒక్కడే ఆడుకోవాలన్నా వీల్లేదు, డిస్కు కొన్నోడికీ లేదు. దాని మీదే, కొన్న గేమ్‌లను ఇట్ల ఆపేయొద్దని యూరప్‌లో ఉద్యమం మొదలై 2025లో సంతకాలు 10 లక్షలు దాటాయి. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు ఇంకో దారి పట్టారు, అమ్మేది వస్తువు కాదు లైసెన్స్ మాత్రమే అయితే ఆ మాట కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని చట్టం చేశారు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. బీగం తీయమనలేదు, బీగం ఉందని చెప్పమన్నారు. అది కూడా మనకు లేదు.

రిపేరన్న, కడప:

బీగం లేకుండా అమ్మేవాళ్ళూ ఉన్నారు, అది మర్చిపోయాం. గేమ్‌లు అమ్మే సైటు జీఓజీ అని 2008 నుంచి ఉంది, ఇన్‌స్టాల్ ఫైలు మనమే దాచుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లు మార్చినా అడగదు. అప్పట్లో వాళ్ళకు అన్నదమ్ముల్లాంటి కంపెనీదే విచర్ 3 అనే గేమ్, 2015లో ఏ బీగమూ లేకుండా వదిలారు, అది ఎన్ని కోట్ల కాపీలు అమ్ముడుపోయిందో తెలుసు కదా. కోడ్‌కూలీ ఏమంటాడో చూద్దాం.

కోడ్‌కూలీ, అనంతపురం:

విచర్ 3 లాంటి గేమ్ చేయగలిగితే నేనూ తీసేస్తా అన్నా! పేరున్నోడు తలుపు తెరిచి పెట్టుకున్నా జనం డబ్బులిచ్చి పోతారు. చిన్నోడి పరిస్థితి గేమ్ డెవ్ టైకూన్‌లో చూశాం. అయితే డెనువోకు డబ్బు కట్టగలిగే స్తోమత చిన్నోడికి ఎట్లాగూ లేదు. అంటే బీగం కొనగలిగినోడికి దాని అవసరం తక్కువ, అవసరం ఉన్నోడు కొనలేడు. ఇది రాస్తుంటే నాకే ఎటు వాదిస్తున్నానో అర్థం కావడం లేదు.

బురుజునీడ, కర్నూలు:

అందరికీ థ్యాంక్స్. రిపేరన్న చెప్పినట్టే ముట్టుకోకుండా వదిలేశా, మర్నాడు సాయంత్రం హాట్‌స్పాట్‌తో విండోస్‌లో ఒక్కసారే తెరిచా, తెరుచుకుంది. ఇప్పుడు నెట్ తీసేసినా నడుస్తోంది. స్టోర్‌లో రివ్యూ రాశా: గేమ్ బాగుంది, ఒక్కరే ఆడే గేమ్‌కు ఇంకా ఈ బీగం ఎందుకు, తీసేయండి అని. తిట్లు లేకుండా రాయడానికి అరగంట పట్టింది.

తుంగభద్రగట్టు అన్నా, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించా. గోడ ఫోటో దగ్గర పెద్దగా నవ్వాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మాదీ పాతబస్తీనే.

ఇంకో సంగతి. సీ క్యాంపు వాడి క్రాక్‌లో ఏడో మిషన్‌లో లిఫ్టు తలుపు తెరుచుకోవడం లేదట, కంపెనీ ఇచ్చిన అప్‌డేట్‌లో అది సరిచేశారు గానీ ఆ అప్‌డేట్‌కు క్రాక్ ఇంకా రాలేదు. నీ అకౌంట్ నాలుగు రోజులు ఇస్తావా, నా ల్యాప్‌టాప్‌లో వేసుకుంటా అని పొద్దుటి నుంచి ప్రాణం తీస్తున్నాడు. అది కూడా ఇంకో కంప్యూటర్ కింద లెక్కకొస్తుందా అన్నా?

రిపేరన్న, కడప:

వస్తుంది. ఇయ్యొద్దు.